అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీ: ఒక్కో సోర్సు కింద అసలు ఏం రాయాలి?

చేతిరాత_2

అందరికీ నమస్కారం. రీసెర్చ్ మెథడ్స్ కోర్సులో అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీ (సోర్సుల జాబితా, ఒక్కో సైటేషన్ కింద ఆ సోర్సు గురించి చిన్న పేరా, అంటే అనోటేషన్) అసైన్‌మెంట్ ఇచ్చారు. పది సోర్సులు కావాలి, ఒక్కోదాని కింద 150 పదాల అనోటేషన్ రాయాలి, సైటేషన్లు రాసే పద్ధతి ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) 7వ ఎడిషన్. పదిలో కనీసం ఆరు పీర్ రివ్యూ అయిన (అదే రంగం నిపుణులు ముందే పరిశీలించిన) జర్నల్ పేపర్లు ఉండాలట. నా టాపిక్ "క్లాసులో నోట్స్: చేతిరాత, ల్యాప్‌టాప్".

సైటేషన్ల వరకు ఎలాగో నెట్టుకొచ్చాను. కింద రాయాల్సిన పేరా దగ్గరే ఆగిపోయాను. అబ్‌స్ట్రాక్ట్‌నే (పేపర్ మొదట్లో ఉండే సారాంశాన్నే) కాస్త అటూ ఇటూ మార్చి రాస్తే సరిపోతుందా? "నేను", "నా" అని వాడొచ్చా? పది పేపర్లూ మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందేనా? వర్డ్‌లో కూడా తంటా ఉంది. సైటేషన్ ఒకలా, అనోటేషన్ ఇంకోలా జరగాలంటున్నారు, నా ఫైల్లో మార్జిన్లన్నీ అడ్డదిడ్డంగా ఉన్నాయి.

మచ్చుకి ఒకటి రాశాను. మ్యూలర్, ఓపెన్‌హైమర్ 2014లో సైకలాజికల్ సైన్స్ జర్నల్‌లో వేసిన పేపర్ మీద:

"ఈ పేపర్‌లో రచయితలు చేతితో నోట్స్ రాయడం, ల్యాప్‌టాప్‌లో నోట్స్ రాయడం గురించి చర్చించారు. విద్యార్థులకు నోట్స్ చాలా ముఖ్యం. ఇది ఎంతో ఆసక్తికరమైన పేపర్. నా అసైన్‌మెంట్‌కు చాలా ఉపయోగపడుతుంది."

ఇది 150 పదాలకు ఎలా పెరుగుతుందో అర్థం కావడం లేదు. చెప్పగలరు.


మార్జిన్‌నోటు

పదాలు పెంచే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక పని చేయండి. ఆ పేరా పైనున్న సైటేషన్ తీసేసి, అదే టాపిక్ మీద వచ్చిన ఇంకో పేపర్ సైటేషన్ పెట్టి చదవండి. పేరా అప్పుడు కూడా చక్కగా అతికిపోతుంది కదా? అంటే అందులో ఈ పేపర్‌కే చెందిన మాట ఒక్కటీ లేదన్నమాట. "చర్చించారు" అన్నారు, తేల్చిందేమిటో చెప్పలేదు. "ఆసక్తికరం" అన్నది మార్కులేసేవారికి అక్కర్లేదు. "ఉపయోగపడుతుంది" అన్నారు, దేనికో లేదు.

దీనికి మూలం పేరాలో లేదు, మీ టాపిక్‌లో ఉంది. "చేతిరాత, ల్యాప్‌టాప్" అనేది టాపిక్కే, ప్రశ్న కాదు. ప్రశ్న లేకపోతే ఏ పేపర్ ఎంతవరకు పనికొస్తుందో తూచడానికి రాయే లేదు. ఒక్క వాక్యంలో ప్రశ్న రాసుకోండి. ఉదాహరణకు: "ల్యాప్‌టాప్‌లో నోట్స్ తీసుకునే కాలేజీ విద్యార్థులు, చేతితో రాసేవారికంటే పాఠాన్ని తక్కువ అర్థం చేసుకుంటారా?" దాన్ని కాగితం మీద పెద్దగా రాసి ఎదురుగా పెట్టుకుని, ఒక్కో పేపర్నీ మూడు సంగతులు అడగండి. ఇది ఏం తేల్చింది, ఎలా తేల్చింది? దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? నా ప్రశ్నకు ఇది ఏం చేస్తుంది, అంటే బలమిస్తోందా, కాదంటోందా, పదాలకు నిర్వచనం ఇస్తోందా, పద్ధతి చూపిస్తోందా? ఈ మూడింటికీ జవాబులు రాస్తే 150 పదాలు చాలవు, కోసుకోవాల్సి వస్తుంది.

మీరు పెట్టిన పేపర్‌నే తీసుకుని రాస్తే ఇలా ఉంటుంది:

"మ్యూలర్, ఓపెన్‌హైమర్ మూడు ప్రయోగాల్లో కాలేజీ విద్యార్థులకు రికార్డు చేసిన చిన్న ఉపన్యాసాలు చూపించి, కొందరితో చేత్తో, కొందరితో ల్యాప్‌టాప్‌లో నోట్స్ రాయించి, తర్వాత పరీక్ష పెట్టారు. మొదటి ప్రయోగంలో, గుర్తుంటే చెప్పేసే ప్రశ్నల్లో రెండు గుంపులకూ తేడా రాలేదు. విషయం అర్థమైతేనే చెప్పగలిగే ప్రశ్నల్లో మాత్రం ల్యాప్‌టాప్ గుంపు వెనకబడింది. ఆ గుంపు నోట్స్‌లో ఉపన్యాసం మాటలే యథాతథంగా ఎక్కువ కనిపించాయి, అలా దించుకోవద్దని రెండో ప్రయోగంలో ముందే హెచ్చరించినా తగ్గలేదు. మాటకు మాట దించుకోవడమే అవగాహనకు అడ్డమని రచయితల వాదన. విద్యార్థులను చేతిరాతకూ ల్యాప్‌టాప్‌కూ యాదృచ్ఛికంగా పంచడం ఈ అధ్యయనం బలం. అయితే పాల్గొన్నవారు రెండు అమెరికన్ విశ్వవిద్యాలయాల విద్యార్థులు, చూసినవి విడి ఉపన్యాసాలు, కాబట్టి సెమిస్టర్ పొడవునా సాగే కోర్సుకు ఈ ఫలితం అలాగే వర్తిస్తుందని చెప్పలేం. మొదటి ప్రయోగాన్ని మళ్లీ చేసి 2021లో అదే జర్నల్‌లో ప్రచురించినవారికి నోట్స్ తీరులో తేడా దొరికింది కానీ పరీక్ష ఫలితాల్లో దొరకలేదు. నా ప్రశ్నకు ఈ పేపర్ ప్రధాన వాదనను అందిస్తుంది. దాన్ని 2021 పేపర్‌తో పక్కపక్కన పెట్టి పరీక్షిస్తాను."

మీ పేరాకూ దీనికీ తేడా ఎక్కడుందో చూడండి. దీని పైన వేరే సైటేషన్ పెడితే అతకదు. ప్రయోగాలెన్ని, పోల్చిందేమిటి, ఏ రకం ప్రశ్నల్లో తేడా వచ్చింది, ఏ రకంలో రాలేదు అన్నవి ఈ పేపర్‌వే. ముఖ్యంగా "ఏ రకంలో తేడా రాలేదు" అన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. "ల్యాప్‌టాప్ కంటే చేతిరాత మంచిదని తేల్చారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పేపర్ చెప్పినదానికంటే ఎక్కువ చెప్పడం అనోటేషన్‌లో మార్కులు పోయే మొదటి కారణం.

అబ్‌స్ట్రాక్ట్ మార్చి రాయడం గురించి: వద్దు. ప్లేజరిజం (ఇతరుల రాతను తనదిగా చూపడం) పట్టే సాఫ్ట్‌వేర్ మొట్టమొదట పట్టుకునేది దాన్నే, ఎందుకంటే అబ్‌స్ట్రాక్టులు అందరికీ తెరిచే ఉంటాయి. పట్టుకోకపోయినా పని జరగదు. అబ్‌స్ట్రాక్ట్ రాసేది రచయిత, తన పేపర్ లోపాలను అందులో ఏకరువు పెట్టడు. మీ ప్రశ్న ఏమిటో అతనికి తెలియదు. కాబట్టి అడిగిన మూడింటిలో రెండింటికి అబ్‌స్ట్రాక్ట్‌లో జవాబే దొరకదు.

"నేను", "నా" అని ఏపీఏలో నిక్షేపంగా వాడొచ్చు. "ఈ పరిశోధకుడు భావిస్తున్నాడు" అని తన గురించి తనే మూడో మనిషిలా రాసుకోవడం ఆ పద్ధతికి ఇష్టం లేదు కూడా. మీ మేడమ్‌గానీ సార్‌గానీ వద్దని రాసిచ్చి ఉంటే మాత్రం వాళ్ల మాటే చెల్లుతుంది.


హ్యాంగింగ్‌ఇండెంట్

ఫార్మాటింగ్ సంగతి నేను చెబుతాను, ఇక్కడే అనవసరంగా రెండు మూడు మార్కులు పోతాయి.

ఏపీఏ 7లో సైటేషన్ మొదటి లైను మార్జిన్‌కు ఆనుకుని ఉంటుంది, రెండో లైను నుంచి అర అంగుళం లోపలికి జరుగుతుంది. అనోటేషన్ దాని కిందే కొత్త పేరాగా మొదలవుతుంది, మొత్తం పేరా అర అంగుళం లోపల ఉంటుంది. మొదటి లైనుకు అదనంగా ఏమీ జరపక్కర్లేదు. ఒకవేళ అనోటేషన్ రెండు పేరాలైతే, రెండో పేరా మొదటి లైను మాత్రం ఇంకో అర అంగుళం లోపలికి. అంతా డబుల్ స్పేస్. సైటేషన్‌కూ అనోటేషన్‌కూ మధ్య అదనపు ఖాళీ లైను అక్కర్లేదు.

ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి అడిగినవాళ్లు ఇది చదివి ఇలాగే చేయకండి. అక్కడ అనోటేషన్ ఒక అంగుళం లోపలికి వెళుతుంది, సైటేషన్ వేలాడే అర అంగుళంతో కలిసిపోకుండా ఉండటానికి.

వర్డ్‌లో చేసే తీరు: సైటేషన్ పేరాలో కర్సర్ పెట్టి కంట్రోల్, టి నొక్కండి, హ్యాంగింగ్ ఇండెంట్ వచ్చేస్తుంది. అనోటేషన్ పేరాలో ముందు కంట్రోల్, క్యూ నొక్కి పాత జరుపుళ్లన్నీ చెరిపేయండి, తర్వాత కంట్రోల్, ఎమ్ నొక్కితే పేరా మొత్తం అర అంగుళం జరుగుతుంది. చివర్లో అంతా సెలెక్ట్ చేసి కంట్రోల్, 2 కొడితే డబుల్ స్పేస్. మీ ఫైల్లో అడ్డదిడ్డంగా ఉన్నదంటే ట్యాబుతోనో స్పేస్ బార్‌తోనో లైన్లు జరిపి ఉంటారు, ఎంటర్ కొట్టి లైన్లు విరిచి ఉంటారు. అలా చేస్తే ఒక్క పదం మార్చగానే మొత్తం చెదిరిపోతుంది. పేరా గుర్తులు కనిపించే బటన్ ఆన్ చేసి, లైన్లు జరపడానికి కొట్టిన స్పేసుల చుక్కలూ, ట్యాబుల బాణాలూ, లైన్లు విరిచిన ఎంటర్ గుర్తులూ తీసేయండి, ఆ తర్వాతే పైన చెప్పింది చేయండి. గూగుల్ డాక్స్ అయితే ఫార్మాట్ మెనూలో అలైన్ అండ్ ఇండెంట్, అందులో ఇండెంటేషన్ ఆప్షన్స్, అక్కడ స్పెషల్ ఇండెంట్ కింద హ్యాంగింగ్.

వరుస అక్షరక్రమమే, మొదటి రచయిత ఇంటిపేరును బట్టి. ఒకే రచయితవి రెండుంటే పాతది ముందు. టాపిక్ వారీగా విడగొట్టమని అడిగితే తప్ప మీరు సొంతంగా విడగొట్టకండి.

గూగుల్ స్కాలర్‌లో "సైట్" నొక్కి తెచ్చుకున్న సైటేషన్‌ను అలాగే అతికించకండి. నేను చూసినంతలో అందులో డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉండదు. పేపర్ టైటిల్‌లో ప్రతి పదానికీ పెద్దక్షరం ఉంటే మార్చాలి. ఏపీఏలో మొదటి పదానికీ, కోలన్ తర్వాతి పదానికీ, వ్యక్తుల, ప్రదేశాల పేర్లకూ మాత్రమే పెద్దక్షరం. జర్నల్ పేరుకు మాత్రం ముఖ్యమైన పదాలన్నిటికీ పెద్దక్షరమే. జర్నల్ పేరూ వాల్యూమ్ నంబరూ ఇటాలిక్, బ్రాకెట్లో ఉండే ఇష్యూ నంబర్ ఇటాలిక్ కాదు. జనం ఎక్కువగా తప్పేది ఈ చివరిదాని దగ్గరే. రచయితలు ఇరవై మంది దాకా ఉంటే అందరి పేర్లూ రాయాల్సిందే. పుస్తకానికి ప్రచురణకర్త పేరు చాలు, ఊరు పేరు 7వ ఎడిషన్‌లో తీసేశారు.

జొటెరో (సోర్సులు దాచి సైటేషన్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఒక హెచ్చరిక. వర్డ్‌లో జొటెరో పెట్టిన బిబ్లియోగ్రఫీ మధ్యలోకి వెళ్లి అనోటేషన్లు టైప్ చేయకండి. అది తనంతట తాను తయారయ్యే జాబితా. రిఫ్రెష్ అయిన మరుక్షణం మీరు టైప్ చేసిందంతా పోతుంది. జొటెరోలో సోర్సులు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌తో బిబ్లియోగ్రఫీ తయారుచేసి క్లిప్‌బోర్డుకు కాపీ చేయండి. అలా అతికించింది మామూలు టెక్స్టే, దాని కింద ఎంతైనా రాసుకోవచ్చు.


చేతిరాత_2

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. కంట్రోల్, క్యూతో ఫైల్ దారికొచ్చింది. ప్రశ్న కూడా ఇప్పుడు రాసుకున్నాను. ఇంకో రెండు సందేహాలు. పది పేపర్లు పూర్తిగా చదవాలంటే రెండు వారాలు సరిపోవు. అన్నీ చదవకుండా నిజాయితీగా రాయొచ్చా? సోర్సుల్లో ఒక పుస్తకం కూడా ఉంది, 300 పేజీలు. దాన్నేం చేయాలి?


పుటసంఖ్య

రాయొచ్చు, కానీ ఏది చదివారో దాని మీదే రాయాలి. జర్నల్ పేపర్‌ను కథలా మొదటి నుంచి చదవక్కర్లేదు. ముందు అబ్‌స్ట్రాక్ట్, తర్వాత ఇంట్రడక్షన్ చివరి రెండు పేరాలు (వాళ్ల ప్రశ్న సాధారణంగా అక్కడే ఉంటుంది), ఆ తర్వాత టేబుళ్లు, గ్రాఫులు, డిస్కషన్ మొదటి పేరా, లిమిటేషన్స్ పేరా. ఇంతవరకు చదివాక మీ ప్రశ్నకు పనికొస్తుందా లేదా తేలిపోతుంది. పనికిరాదనుకుంటే అక్కడే వదిలేయండి. పది కావాలంటే పదిహేను, ఇరవై పేపర్లను ఇలా జల్లెడ పట్టాలి. మిగిలిన పదింటికి మాత్రం మెథడ్ భాగాన్ని వదలకుండా చదవండి. ఎంతమంది, ఎవరు, దేంతో పోల్చారు, దేన్ని కొలిచారు, ఎలా కొలిచారు అన్నవి అక్కడే ఉంటాయి. ఎంత నమ్మొచ్చో చెప్పాలంటే ఇవే ఆధారం. ఇవి చదవకుండా "శాంపిల్ చిన్నది" అని రాసేవాళ్లు కొల్లలు. చిన్నదైతే ఎంత, అది ఈ ప్రశ్నకు ఎందుకు చాలదు అన్నది లేకపోతే ఆ వాక్యం రాయకపోవడమే మంచిది.

చదువుతుండగానే నోట్ పెట్టుకోండి, అంకె రాసుకున్న ప్రతిచోటా పేజీ నంబరుతో సహా. రచయిత మాటల్ని యథాతథంగా దించుకుంటే ఆ క్షణంలోనే కొటేషన్ గుర్తులు పెట్టండి. వారం తర్వాత ఆ వాక్యం మీదో వారిదో మీకే గుర్తుండదు. ప్లేజరిజం కేసుల్లో చాలా భాగం దొంగబుద్ధితో చేసినవి కావు, ఇలా కలగాపులగమైన నోట్స్ వల్ల వచ్చినవే. (మీ టాపిక్ కూడా మాటకు మాట దించుకోవడం గురించే అనుకోండి.)

పుస్తకానికి: అధ్యాయాలన్నీ వేర్వేరు రచయితలు రాసిన సంపాదక గ్రంథమైతే మీకు కావాల్సిన అధ్యాయాన్నే సోర్సుగా చూపండి, దాని మీదే రాయండి. ఒకే రచయిత పుస్తకమైతే ముందుమాట, విషయసూచిక, ముగింపు, మీ ప్రశ్నకు సంబంధించిన అధ్యాయాలు చదివి, "ఇందులో ఫలానా అధ్యాయం నా ప్రశ్నకు సంబంధించింది" అని అనోటేషన్‌లోనే తేల్చి చెప్పండి. పుస్తకమంతా చదివినట్టు రాసి మొదటి ప్రశ్నకే దొరికిపోవడం కంటే అది నయం.

అందరూ మరిచిపోయేదొకటి ఉంది, పేపర్ ఇంకా నిలబడి ఉందో లేదో చూడటం. టీకాకూ ఆటిజానికీ లంకె పెట్టిన పేపర్ 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది, 12 మంది పిల్లల మీద. 2010లో దాన్ని ఆ జర్నలే ఉపసంహరించుకుంది. అయినా ఎక్కడో దాచిన పాత పీడీఎఫ్ తెరిస్తే దాని మీద ఏ ముద్రా ఉండదు. అందుకని సెర్చ్‌లో దొరికిన పీడీఎఫ్‌తో ఆగకుండా డీఓఐ ద్వారా జర్నల్ పేజీకి వెళ్లండి. ఉపసంహరణ, సవరణ లాంటివి ఉంటే అక్కడ కనిపిస్తాయి. జొటెరోలో సోర్సు చేర్చితే ఉపసంహరించిన పేపర్ మీద అదే ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది, రిట్రాక్షన్ వాచ్ వారి డేటాబేస్‌ను చూసి. గూగుల్ స్కాలర్‌లో పేపర్ కింద ఉండే "సైటెడ్ బై" కూడా నొక్కండి. పైన మార్జిన్‌నోటు గారు చెప్పిన 2021 పేపర్ లాంటివి అక్కడే దొరుకుతాయి.

చాట్‌బాట్‌ను సోర్సులు అడిగితే లేని పేపర్లను ఉన్నట్టు చెప్పగలదు. రచయిత పేరు నిజం, జర్నల్ నిజం, పేపర్ మాత్రం ఉండదు. డీఓఐ డాట్ ఆర్గ్‌లో ఆ నంబరు కొట్టి, తెరుచుకున్న పేజీలో టైటిల్ కూడా అదేనా అని చూడాలి. నంబరు తెరుచుకుంది కదా అని వదిలేస్తే వేరే ఎవరిదో పేపర్ తగిలించినట్టవుతుంది.


కుదింపు

మార్జిన్‌నోటు గారి మచ్చు బాగుంది కానీ ఒక అభ్యంతరం. అన్ని అసైన్‌మెంట్లూ విమర్శ అడగవు. కొన్నిచోట్ల వివరణాత్మక అనోటేషన్ చాలంటారు, అంటే ఏం చేశారు, ఏం తేల్చారు అంతవరకే. అక్కడ "ఇది నమ్మలేం" అని రాస్తే అడగనిది రాశారని మార్కులు కోస్తారు. మీ అసైన్‌మెంట్ కాగితంలో ఏ క్రియలు వాడారో చూడండి. "సంగ్రహించండి" అని ఉంటే సారాంశమే, "మూల్యాంకనం చేయండి", "మీ పరిశోధనకు సంబంధాన్ని చూపండి" అని ఉంటే ఆయన చెప్పినట్టు. ఏదీ స్పష్టంగా లేకపోతే ఒక అనోటేషన్ రాసి ముందే చూపించి అడగడం ఉత్తమం. పదీ రాశాక అడిగితే పదీ తిరగరాయాలి.

2021 పేపర్ ప్రస్తావన కూడా ఆ మచ్చులో ఊరికే వచ్చినట్టుంది. అనోటేషన్ దాని పైనున్న సోర్సు గురించే కాబట్టి ఆ సోర్సుకు మధ్యలో సైటేషన్ అక్కర్లేదు. వేరే పేపర్‌ను తెస్తే మాత్రం రచయితల పేరు, సంవత్సరం పెట్టాలి, అది జాబితాలో కూడా ఉండాలి.


మార్జిన్‌నోటు

కుదింపు గారు అన్నది నిజమే, 2021 పేపర్‌కు అక్కడ రచయితల పేర్లు పెట్టాల్సింది. క్రియలు చూడమన్న మాటకు కూడా నా ఓటు.


చేతిరాత_2

కాగితంలో "సంగ్రహించి, మూల్యాంకనం చేసి, మీ ప్రశ్నకు సంబంధం చూపండి" అనే ఉంది. చివరిదొకటి. ఈ 2014, 2021 పేపర్లు ఒకదానికొకటి ఎదురు చెబుతున్నాయి కదా. రెండూ పెడితే నా వాదన బలహీనపడదా? ఒకటి తీసేయాలా?


పుటసంఖ్య

తీసేయకండి. అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీలో మీకింకా వాదన లేదు, ప్రశ్నే ఉంది. ఒకే పక్షం పేపర్లు పది పెడితే వెతకలేదనే అనుకుంటారు. రెండూ ఎక్కడ విడిపోయాయో చూడండి. నోట్స్‌లో యథాతథంగా దించుకోవడం ల్యాప్‌టాప్ గుంపులోనే ఎక్కువన్నది రెండింటిలోనూ ఉంది. పరీక్ష ఫలితం దగ్గరే దారులు వేరయ్యాయి. అంటే దించుకోవడం వల్లే అవగాహన తగ్గుతుందన్న మధ్య లంకె మీదే అనుమానం పడింది. మీ మిగతా ఎనిమిది సోర్సులను ఆ లంకె కోసం వెతకండి: నోట్స్‌ను తర్వాత తిరగేస్తే ఏమవుతుంది, పరీక్ష వెంటనే పెడితే ఏమిటి, వారం ఆగి పెడితే ఏమిటి.

2021 పేపర్ అనోటేషన్‌లో "2014 పేపర్‌ను తప్పని నిరూపించింది" అని రాయకండి. వాళ్లు మళ్లీ చేసింది మొదటి ప్రయోగాన్ని. రెండు, మూడు ప్రయోగాల సంగతి వేరు. "మొదటి ప్రయోగాన్ని పునరావృతం చేసినప్పుడు పరీక్ష ఫలితాల్లో తేడా కనిపించలేదు" అంటే సరిపోతుంది. ఆ పేపర్‌లోనే ఇలాంటి అధ్యయనాలను కలిపి లెక్కకట్టిన చిన్న మెటా అనాలిసిస్ ఉంది, దానికి ఒక వాక్యం కేటాయించండి. ఆ విశ్లేషణలో చేర్చిన అధ్యయనాల జాబితా చూస్తే మీకు ఇంకా కావాల్సిన పేపర్లలో మూడు నాలుగు అక్కడే దొరకొచ్చు.